బొగ్గుల మీద కాల్చే కోడికి, పొట్టేలు చాప్స్‌కు పొడి మసాలా: కొలతలు కావాలి

మిద్దెమీద_పొయ్యి (కడప)

అన్నలకు, అక్కలకు నమస్కారం.

వచ్చే ఆదివారం మిద్దె మీద ఇంటిల్లిపాదికీ 3 కిలోల కోడి (ఎముకతో ఉన్న కాళ్లు, తొడలు), 2 కిలోల పొట్టేలు చాప్స్ కాల్చాలి. సగానికి కోసిన ఇనుప డ్రమ్ము, మీద జాలీ, మూత, తుమ్మ బొగ్గులు ఉన్నాయి. పెరుగులో నానబెట్టే తందూరీ రకం వద్దు. మాంసానికి పొడిగా పట్టించి కాల్చేది, అమెరికా వాళ్లు డ్రై రబ్ అంటారే, అది కావాలి.

నెట్‌లో చూస్తే ప్రతి కొలతా బ్రౌన్ షుగరు, పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరపపొడి), ఆనియన్ పౌడరుతోనే మొదలవుతుంది. నాకు వై.వి. స్ట్రీట్‌లో ఏ కిరాణా అంగట్లో అడిగినా దొరికే సరుకులతో, స్పూన్లు కాకుండా గ్రాముల్లో లెక్క కావాలి. దాంతోపాటు కొన్ని సందేహాలు. ఇంట్లో ఉండే మటన్ మసాలా పొడినే పట్టిస్తే పైన నల్లబడి చేదెక్కుతుంది, లోపల మాత్రం చప్పగానే ఉంటుంది, ఎందుకు? ఉప్పు పొడిలోనే కలపాలా, విడిగా వేయాలా? ఎంతసేపు ముందు పట్టించాలి? బ్రౌన్ షుగరు బదులు బెల్లం వేయొచ్చా?

రోకలిబండ (కర్నూలు)

తమ్ముడూ, నీ మొదటి సందేహం తేలితే మిగతావాటికి దారి దొరుకుతుంది.

కూరలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. అందుకే మటన్ మసాలాలో ఎండు కొబ్బరి, గసాలు ఉన్నా, దినుసులన్నీ ముందే ఎర్రగా వేయించి ఉన్నా కూరలో మాడవు. బొగ్గుల మీద ఆ నీళ్ల కాపలా ఉండదు. మాంసం పైపొర ఆరిపోయిన కాసేపటికే అక్కడి వేడి 200 దాటుతుంది. ముందే వేగి ఉన్న పొడి రెండోసారి వేగి బొగ్గవుతుంది. కొబ్బరి, గసాల్లోని నూనె పొగ కక్కుతుంది. దానికి తోడు కొన్న పొడి మైదా అంత మెత్తగా ఉంటుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత తొందరగా మాడుతుంది. కాబట్టి కాల్చే మాంసానికి పొడి వేరే చేసుకోవాల్సిందే. కొబ్బరి, గసాలు, వేయించిన శనగపప్పు, చెనిక్కాయలు (వేరుశనగలు) అందులో పడకూడదు.

లోపల చప్పగా ఉండటానికి కారణం ఉప్పు. మసాలా దినుసుల వాసన అంతా నూనెల్లో ఉంటుంది, మాంసంలో ముక్కాలు వంతు నీళ్లే. రాత్రంతా పట్టించి ఉంచినా మసాలా పైపొరను దాటి పెద్దగా లోపలికి పోదు. ఉప్పు మాత్రం పోతుంది, దానికి టైమివ్వాలి. ఉప్పు చల్లిన పావుగంటలో మాంసం మీద నీరు ఊరుతుంది. ఆ నీటిలో ఉప్పు కరిగి, గంట లోపల మళ్లీ మాంసంలోకి ఇంకుతుంది. నీరు ఊరిన ఆ నడిమి దశలోనే పొయ్యి మీద పెడితే ముక్క వేగదు, ఉడుకుతుంది. అందుకని పెడితే ఉప్పేసిన వెంటనే పెట్టాలి, లేదంటే గంటకు పైన ఆగాలి.

ఉప్పును పొడిలో కలపొద్దు. ఉప్పు మాంసం బరువును బట్టి వేయాలి, మసాలా మాంసం పైభాగం ఎంతుందో దాన్ని బట్టి పట్టించాలి. కిలో తొడ ఒకే ముక్కగా ఉంటే 12 నుంచి 15 గ్రాముల మసాలా సరిపోతుంది. అదే కిలోను పలచటి ముక్కలుగా కోస్తే 25 గ్రాములు పట్టుద్ది. ఉప్పు మాత్రం రెండింటికీ ఒకటే. రెండూ కలిపేసిన పొడితో చాప్స్‌కు మసాలా సరిపడా పట్టిస్తే ఉప్పెక్కువ అవుతుంది, ఉప్పు చూసుకుంటే మసాలా చాలదు.

ఉప్పు లెక్క: ఎముక లేని మాంసానికి కిలోకు 15 గ్రాములు, ఎముకతో ఉంటే 12. పొడి ఉప్పు ఒక టీస్పూను దాదాపు 6 గ్రాములు తూగుతుంది.

ఇక మసాలా. ఇది 5 కిలోల మాంసానికి:

బ్యాడిగి మిరపకాయలు, తొడిమలు తీసినవి: 30 గ్రా.
ధనియాలు: 25 గ్రా.
మిరియాలు: 12 గ్రా.
ఎండబెట్టిన తెల్లగడ్డ పొడి: 12 గ్రా.
జీలకర్ర: 10 గ్రా.
సోంపు: 5 గ్రా.
శొంఠి పొడి: 5 గ్రా.
దాల్చిన చెక్క: 3 గ్రా.
లవంగాలు: 1 గ్రా. (పది పన్నెండు కాయలు)
మరాఠీ మొగ్గ: 1 గ్రా.
రాతిపువ్వు: 1 గ్రా.

పాప్రికాకు మన దగ్గర సరైన జోడీ బ్యాడిగి మిరప. ముడతలు పడి, ముదురు ఎరుపుగా, పొడుగ్గా ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ. మన సీమ నాలుకకు అది చాలదు అనుకుంటే 30 గ్రాముల్లో 8 నుంచి 10 గ్రాములు గుంటూరు కాయలు వేసుకో. మొత్తం గుంటూరు కాయలే వేయొద్దు. కారానికి భయపడి పొడి తక్కువ పట్టిస్తావు, అప్పుడు మిగతా దినుసుల రుచి పోతుంది. లవంగం కూడా ఒక గ్రాము దాటనీయొద్దు. ఎక్కువైతే పంటినొప్పి మందు వాసనొస్తుంది, నాలుక మొద్దుబారుతుంది. పసుపు వేయాలనుకుంటే పావు స్పూను, అంతకన్నా ఎక్కువైతే కాలినప్పుడు చేదొస్తుంది. రాతిపువ్వులో చెత్త, ఇసుక ఉంటాయి, విదిలించి ఏరి వేసుకో.

వేయించడం గురించి. ధనియాలు, జీలకర్ర, సోంపు విడివిడిగా సన్న మంట మీద వేడెక్కించు. వాసన లేచిందంటే దించెయ్, రంగు మారకూడదు. ధనియాలకు మూడు నాలుగు నిమిషాలు, జీలకర్రకు నిమిషమున్నర. అన్నీ కలిపి బాండ్లిలో వేస్తే ధనియాలు వేడెక్కేలోపు జీలకర్ర నల్లబడుద్ది. మిరియాలు వేయించొద్దు. చెక్క, లవంగం, మరాఠీ మొగ్గ, రాతిపువ్వు మంట ఆర్పిన బాండ్లిలో ఆ మిగులు వేడికి వదిలేస్తే చాలు. మిరపకాయలు ఒక మధ్యాహ్నం ఎండలో పెట్టు, పట్టుకుంటే పెళుసుగా విరగాలి. విరిచి విదిలిస్తే విత్తనాలు సగం రాలిపోతాయి, పోనీ. విత్తనాలు నిప్పు మీద కాయకన్నా ముందు మాడి చేదిస్తాయి.

మిక్సీలో గట్టి దినుసులు ముందు: చెక్క, మరాఠీ మొగ్గ (చిదిపి), లవంగం, రాతిపువ్వు. ఇవి మెత్తగా కావాలి, పంటికింద తగిలితే ముద్ద పాడవుతుంది. తర్వాత ధనియాలు, మిరియాలు, జీలకర్ర, సోంపు వేసి సన్న రవ్వ అంత బరకగా ఆపు. మిక్సీని ఒకేసారి తిప్పొద్దు. ఐదారు సెకన్లు తిప్పి, ఆపి, కదిపి, మళ్లీ తిప్పు. మిక్సీ గిన్నె వేడెక్కితే దినుసుల నూనె బయటికొచ్చి అడుగున అంటుకుంటుంది, వాసన అక్కడే సగం పోతుంది. మిరపకాయలు విడిగా పట్టు. చివర్న అంతా పేపరు మీద పరిచి, చల్లారాక డబ్బాకెత్తు. వేడి పొడిమీద మూత పెడితే మూతకు చెమట పట్టి గడ్డ కడుతుంది.

పట్టించే ముందు అర స్పూను వేడి నెయ్యిలో చిటికెడు పొడి, చిటికెడు ఉప్పు వేసి నాలుక మీద పెట్టుకుని చూడు. ఉత్త పొడి నోట్లో వేసుకుంటే ఏ దినుసు ఎక్కువైందో తెలీదు.

కంపబొగ్గు (అనంతపురం)

రోకలిబండ అన్న చెప్పిన కొలత బాగుంది. నేను నిప్పు వైపు నుంచి చెప్తా. ఏ పొడి పట్టించాలనేది మీ నిప్పు ఎట్లుందో చూసి తేల్చుకోవాలి. నెట్‌లో కొలతలు మన దగ్గర కుదరకపోవడానికి కారణం అదే.

అమెరికాలో బార్బెక్యూ అంటే ఎక్కువ చోట్ల 105 నుంచి 120 డిగ్రీల దగ్గర, మూత పెట్టి, పొగలో గంటలకు గంటలు ఉంచేది. ఎద్దు రొమ్ము మాంసమైతే పది గంటల పైనే. ఆ వేడికి చక్కెర మాడదు, నెమ్మదిగా కరిగి పైన పొర కడుతుంది. మెంఫిస్‌లో పంది పక్కటెముకలకు పట్టించే పొడిలో పాప్రికా అంత ఎక్కువ వేయగలిగేది కూడా అందుకే. మధ్య టెక్సాస్ పద్ధతిలో అయితే ఉప్పు, బరకగా దంచిన మిరియాలు, అంతే. మనం చేసేది నేరుగా ఎర్రటి బొగ్గుల మీద పెట్టడం. జాలీ దగ్గర 250, 300 డిగ్రీలు ఉంటుంది. చక్కెర 160 దగ్గర రంగు మారడం మొదలై 190 వచ్చేసరికి చేదెక్కుతుంది. బెల్లం ఇంకా ముందే మాడుతుంది, దాంట్లో తొందరగా రంగు తిరిగే చక్కెరలు కూడా ఉంటాయి. మీరు చాప్స్ నేరుగా కాల్చబోతున్నారు కాబట్టి వాటికి బెల్లం అసలు వద్దు. కోడిని పక్క వేడి మీద, అంటే కింద బొగ్గులు లేని పక్కన పెట్టి, మూత వేసి కాలుస్తారు గనక దానికి కిలోకు 8 నుంచి 10 గ్రాములు వేయొచ్చు. అది కూడా పొడి బెల్లమే. అచ్చు బెల్లం తురిమితే తేమకు మసాలా అంతా ముద్ద కడుతుంది. డబ్బాలో ముందే కలిపి పెట్టుకోవద్దు, పట్టించేటప్పుడు కలపండి.

కారం విషయంలో అన్న కొలతకు ఒక మార్పు చెప్తా. 30 గ్రాముల మిరపపొడిలో 10 గ్రాములు మాత్రమే ముందు పట్టించే పొడిలో కలపండి. మిగతా 20 గ్రాములు విడిగా ఉంచండి. మాంసం దించడానికి రెండు మూడు నిమిషాల ముందు, ఆ 20 గ్రాములను ఏడెనిమిది టేబుల్ స్పూన్ల చెనిక్కాయ నూనెలో కలిపి కుంచెతో పూయండి. మిరపలోని ఎరుపూ కారమూ రెండూ నూనెలో కరిగేవే. నూనెలో కలిపి ఆఖర్న పూస్తే రంగు నిలుస్తుంది, మాడే టైము ఉండదు. 5 కిలోలకు సరిపోతుంది.

ఇప్పుడు డ్రమ్ము. బొగ్గులన్నీ ఒక పక్కకు తోయండి, రెండో పక్క ఖాళీగా వదలండి. బొగ్గు అంటుకున్నాక పైన తెల్లటి బూడిద పట్టేదాకా, సుమారు అరగంట, మాంసం పెట్టొద్దు. మంట లేచేటప్పుడు పెడితే పైన మసి, లోపల పచ్చి. కిరసనాయిలు పోసి అంటించొద్దు, ఆ వాసన మాంసానికి పట్టేస్తుంది, ఎంత మసాలా వేసినా పోదు. ఎండిన కొబ్బరి పీచు, పేపరు, సన్న పుల్లలు చాలు. తుమ్మ బొగ్గు మంచిదే, గట్టిగా ఉంటుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. కంప బొగ్గు దొరికితే అదీ బాగుంటుంది గానీ సరిగ్గా కాలని ముక్కలు చిటపటమని ఎగిరిపడతాయి, పొగబెడతాయి. విరిస్తే లోపల గోధుమ రంగు కనిపించే ముక్కలు పక్కన పడేయండి.

థర్మామీటరు లేకపోతే జాలీకి జానెడు కన్నా కొంచెం తక్కువ ఎత్తులో అరచేయి పెట్టి చూడండి. రెండు మూడు సెకన్లకే తీయాల్సి వస్తే బాగా ఎక్కువ వేడి. నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే చాప్స్‌కు సరైన వేడి. ఖాళీ పక్కన ఎనిమిది సెకన్ల దాకా ఉండగలగాలి, కోడికి అది కావాలి.

కోడి కాళ్లు ఖాళీ పక్కన పెట్టి మూత వేసి 35 నుంచి 45 నిమిషాలు. నడుమ ఒకసారి తిప్పండి. తొడ లోపల ఎముకకు తగలకుండా గుచ్చి చూస్తే 74 డిగ్రీలు రావాలి, అది తప్పనిసరి. కాళ్లకు, తొడలకు 80 దాటితే ఇంకా బాగుంటుంది, కీలు దగ్గర రబ్బరులాగా సాగకుండా విడిపోతుంది. ఆఖరి రెండు మూడు నిమిషాలు బొగ్గుల వైపు జరిపి, కారం నూనె పూసి, దించేయండి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లొద్దు, బూడిద లేచి ముక్కలకు అంటుకుంటుంది. ముక్కను ఖాళీ పక్కకు జరిపి మూత వేస్తే గాలి ఆడక మంట అదే ఆగుతుంది.

ఇంకోటి. వాన వచ్చిందని డ్రమ్మును గదిలోకి, మెట్ల కింది సందులోకి లాగొద్దు. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు వాసనుండదు, ప్రాణం పోతుంది.

సంగటిముద్ద (ఆదోని)

తెల్లగడ్డ పొడి గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, అందుకని రాస్తున్నా. కొలతలో దాన్ని సరిగ్గా చేసుకోకపోతే పొడి మొత్తం పాడయ్యేది అక్కడే.

పచ్చి తెల్లగడ్డ దంచి పొడిలో కలపొద్దు. దాంట్లో తేమ ఎక్కువ, రెండు రోజుల్లో బూజు పడుతుంది. నిప్పు మీద కూడా ముక్కలు ముక్కలుగా నల్లబడి చేదిస్తుంది. ఇంట్లో చేసుకోవాలంటే పాయలు వొలిచి, పలచగా నిలువుగా తరిగి, పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి పైన పలచటి గుడ్డ కప్పి ఎండలో పెట్టండి. మన ఎండాకాలమైతే రెండు మూడు రోజుల్లో ఎండిపోతుంది. రాత్రి లోపలికి తెచ్చెయ్యాలి. ఎండిందో లేదో చూడాలంటే వంచండి. టప్పున విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకో రోజు. 12 గ్రాముల పొడికి 35 నుంచి 40 గ్రాముల పచ్చి పాయలు కావాలి. వచ్చే ఆదివారానికే కాబట్టి ఈరోజే మొదలుపెట్టినా సరిపోతుంది. మబ్బు పట్టి ఎండ లేకపోతే సూపర్ మార్కెట్లో గార్లిక్ పౌడరు కొనుక్కోవడమే మేలు. అన్నట్టు, అట్టపెట్టె మీద గార్లిక్ సాల్ట్ అని ఉంటే అది వద్దు, అందులో ఎక్కువ భాగం ఉప్పే.

ఆనియన్ పౌడరు మాత్రం మీరు వదిలెయ్యొచ్చు. ఎర్రగడ్డలో తీపి ఎక్కువ, నేరుగా నిప్పుల మీద తొందరగా మాడుతుంది. ఆ రుచి కావాలంటే పచ్చి ఎర్రగడ్డ చక్రాలు, నిమ్మకాయ పక్కన పెట్టుకుంటే అంతకన్నా బాగుంటుంది. మన ఎర్రగడ్డ కారం కూడా సంగటిలోకి పక్కన ఉండాలి గానీ మాంసం మీద పూసి కాల్చేది కాదు.

వేయించే విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. చాప్స్ లాగా నేరుగా మంట మీద పెట్టేవాటికి ధనియాలు కూడా వేయించనక్కరలేదు, ఎండలో పెట్టి పొడి కొడితే చాలు, పొయ్యి మీదే వేగుతాయి. జీలకర్ర ఒక్కటి వేడెక్కించాలి, లేకపోతే పచ్చి వాసన తెలుస్తుంది. కోడిని పక్క వేడి మీద కాలుస్తారు కాబట్టి దానికి అన్న చెప్పినట్టు కొంచెం వేడెక్కించిన ధనియాలే సరి.

నిల్వకు: ఉప్పూ బెల్లమూ కలపని పొడి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో రెండు నెలలు బాగుంటుంది. గాజు సీసాను కిటికీ దగ్గర పెడితే వెలుతురుకు మిరప రంగు పోతుంది. పొయ్యి పక్క అరలో పెడితే వేడికి వాసన పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు తీసిన వెంటనే మూత తెరవొద్దు, చల్లటి పొడి మీద గాలిలో తేమ పట్టి ఉండలు కడుతుంది.

పచ్చి మాంసం ముట్టిన చేత్తో డబ్బాలో చెయ్యి పెట్టొద్దు. కావలసినంత ముందే చిన్న గిన్నెలోకి తీసుకోండి, మిగిలితే పారేయండి. ఉప్పు పట్టించిన మాంసం ఫ్రిజ్‌లోనే ఉండాలి. మన ఎండాకాలంలో బయట గంట దాటనీయకూడదు.

మిద్దెమీద_పొయ్యి (కడప)

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. ఇంకో రెండు అడగాలి. మా దగ్గర అంగట్లో కోడి తోలు తీసేసి ఇస్తారు. తోలు లేకుండా ఎండిపోదా? రెండోది పొట్టేలు. చాప్స్ పైన బాగా కాలినా నమలడానికి గట్టిగా ఉంటున్నాయని మా ఇంట్లో అంటారు. పొడిలోనే ఏదైనా మెత్తబరిచేది కలపొచ్చా?

కంపబొగ్గు (అనంతపురం)

తోలుతో ఇవ్వమని చెప్తే ఇస్తారు, ముందురోజే చెప్పి పెట్టండి. తోలు ఉంటే దాని కిందికి వేలు పోనిచ్చి సగం ఉప్పు, సగం మసాలా లోపలే పట్టించాలి. తోలు మీద పట్టించిన ఉప్పు అంత సులువుగా లోపలికి పోదు.

తోలు లేని కోడికైతే ఉప్పు రాత్రే పట్టించి, మూత లేకుండా పళ్లెంలో ఫ్రిజ్‌లో పెట్టండి, పైపొర ఆరుతుంది. పొద్దున తీసి, తడి ఏమన్నా ఉంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అద్దండి. తడిమీద పొడి పడితే బురద అవుతుంది, జాలీకి అంటుకుని ఊడిపోతుంది. తర్వాత కిలోకు ఒక టేబుల్ స్పూను నూనె పలచగా రాసి, దానిమీద మసాలా చల్లి చేత్తో అదమండి. రుద్దొద్దు, రుద్దితే బరక పొడి ఒక చోట పోగవుతుంది. మసాలాను రాత్రే పట్టించాల్సిన పని లేదు, ఎట్లాగూ లోపలికి పోదు, పెట్టే అరగంట ముందు చాలు.

పొట్టేలు గురించి రోకలిబండ అన్న చెప్తే బాగుంటుంది.

రోకలిబండ (కర్నూలు)

గట్టిగా ఉండటానికి పొడి కారణం కాదు తమ్ముడూ, కోత, వయసు. అంగట్లో ఏమీ చెప్పకపోతే కూర ముక్కలు కొట్టేస్తారు. లేత పొట్టేలు పక్కటెముకలు కావాలని, ఒక్కో ఎముకకు ఒక్కో ముక్కగా, బొటనవేలంత మందంతో నరకమని నిలబడి చెప్పు. అంతకన్నా పలచగా ఉంటే పైన రంగు వచ్చేలోపే లోపల ఎండిపోతుంది. పక్కనుండే తెల్లటి పలచటి పొర కత్తితో లాగేయించు. నిప్పు తగలగానే ఆ పొర కుంచించుకుని ముక్కను గిన్నెలాగా వంచేస్తుంది, నడిమి భాగం కాలదు.

మెత్తబరచడానికి పచ్చి బొప్పాయి. దాన్ని పొడిలో కలపొద్దు, ముందు దశగా వేరే చెయ్. తొక్కతో సహా నూరిన గుజ్జు కిలోకు ఒక టేబుల్ స్పూను, గంట నుంచి గంటన్నర, ఫ్రిజ్‌లో. తర్వాత గుజ్జంతా తుడిచెయ్. కడిగితే తడి పెరుగుద్ది, తుడవడమే మేలు. గుజ్జు మీదే ఉంచి కాలిస్తే నష్టం రెండు రకాలు: తడికి మసాలా నిలవదు, బొప్పాయిలోని ఆ పదార్థం 50 నుంచి 70 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది కాబట్టి పొయ్యి మీద కూడా మెత్తబరుస్తూనే పోయి పైపొర పిండి అయిపోతుంది. రాత్రంతా బొప్పాయిలో పెట్టడం అసలొద్దు.

వరుస ఇట్లా: బొప్పాయి, తుడవడం, ఉప్పు, ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు, తడి అద్దడం, నూనె, మసాలా. నాలుగు సెకన్ల వేడి మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, తర్వాత ఖాళీ పక్కకు జరిపి మూత వేసి ఇంకో పది నిమిషాలు. దించాక ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలెయ్, లేకపోతే కొరికిన వెంటనే రసమంతా కారిపోతుంది.

ముదురు మాంసమే దొరికితే చాప్స్ వద్దు, తొడ మొత్తంగా తీసుకో. ఖాళీ పక్కన 150 డిగ్రీల దగ్గర, మధ్యమధ్య బొగ్గులు వేస్తూ మూడు గంటల దాకా పట్టుద్ది. లోపల 75 వచ్చాక అల్యూమినియం ఫాయిల్ చుట్టి 90 దగ్గరికి తీసుకురావాలి, అప్పుడే నరాలు, పొరలు కరిగి మాంసం ఎముక నుంచి విడుతుంది. ముదురు మాంసాన్ని 65 దగ్గర దించితే ఎంత మంచి మసాలా అయినా నమలలేరు.

మిద్దెమీద_పొయ్యి (కడప)

సరే అన్నా. నా లెక్క రాస్తా, తప్పుంటే చెప్పండి.

కోడి 3 కిలోలు ఎముకతో, ఉప్పు 36 గ్రా., శనివారం సాయంత్రం పట్టించి ఫ్రిజ్‌లో. చాప్స్ 2 కిలోలు, ఉప్పు 24 గ్రా., ఆదివారం పొద్దున. మొత్తం 60 గ్రాములు, అంటే పది టీస్పూన్లు. మా ఇంట్లో కల్లుప్పు ఉంది, అదే వాడతా. 20 గ్రాముల మిరపపొడి పక్కన పెట్టాక మిగిలే 85 గ్రాముల పొడిలో కోడికి 48, చాప్స్‌కు 36. బెల్లం కోడికి 25 గ్రాములు. సగం వంట అయ్యాక చేప కూడా పెట్టమంటున్నారు మా వాళ్లు, ఇదే పొడి పనికొస్తుందా?

సంగటిముద్ద (ఆదోని)

గ్రాముల లెక్కంతా సరిగ్గానే ఉంది. స్పూన్ల లెక్క మాత్రం కల్లుప్పుకు పనికిరాదు. పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి స్పూనుకు ఎంత పడుతుందో చెప్పలేం, పైగా పెద్ద పలుకులు ఒక చోట కరిగి అక్కడే ఉప్పగా ఉంటాయి. మిక్సీలో ఒకసారి తిప్పి మెత్తగా చేసి, కాటాలో 36, 24 వేరువేరుగా తూచి రెండు గిన్నెల్లో పెట్టుకోండి. కాటా లేకపోతే అంగట్లో పొట్లం కట్టించుకోవచ్చు.

చాప్స్ బొప్పాయికి గంటన్నర, ఉప్పుకు రెండు మూడు గంటలు కావాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు పొయ్యి మీద పెట్టాలంటే పొద్దున ఏడున్నరకల్లా మాంసం ఇంట్లో ఉండాలి. ఆదివారం అంగడి దగ్గర జనం ఉంటారు, ఎముకకో ముక్కగా నరికించుకోవడానికి టైము పడుతుంది, తెల్లారే పోండి.

చేపకు ఈ పొడి వాడొద్దు. చెక్క, లవంగం, మరాఠీ మొగ్గ చేప రుచిని తొక్కేస్తాయి. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, తెల్లగడ్డ పొడి సమానంగా కలిపి, నలుగురికి చిటికెడు వాము నలిపి వేయండి. ఉప్పు కిలోకు 10 గ్రాములు, ఇరవై నిమిషాలు చాలు, గంటలకొద్దీ ఉంచితే కండ గట్టిపడుతుంది. చేప పెట్టే ముందు జాలీని ఇనుప బ్రష్షుతో గీకి, నూనె గుడ్డతో తుడవండి. కోడి నుంచి రాలి మాడిన మసాలా ఆ జాలీకి పట్టి ఉంటుంది, తుడవకపోతే చేప తోలు దానికే అంటుకుని వస్తుంది.